నీలవేణి పొర

నేను ఒక తొట్టిని. తొట్టి అనగానే మీకు గొడ్లు కుడితి తాగే తొట్టి గుర్తొస్తుందని తెలుసు. నేను అంత పెద్దదాన్ని కాను. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, లోతు మాత్రం వేలి మందం. ఒళ్లంతా తెల్లటి టెఫ్లాన్. మీ వంటింట్లో దోసె అంటుకోకుండా పెనానికి నల్లటి పూత ఒకటి ఉంటుంది చూశారూ, అది నాకు దూరపు చుట్టం. దానిది పైపై పూత, నాది లోపలా బయటా ఒకటే రకం. నీళ్లు నన్ను తడపలేవు. అంచుదాకా పోశాక ఇంకాస్త పోసినా ఒలికిపోకుండా అంచు పైకి ఉబ్బి నిలబడతాయి. నా పనంతా ఆ ఉబ్బిన నీటి పైభాగంతోనే. అడుగున ఏముందో ఎవరికీ పట్టదు.

ఇప్పుడు నేను ఉన్నది ఒక పరిశోధన సంస్థ వెనకాల తుక్కు గదిలో. కాలు విరిగిన స్టూళ్లు, చప్పుడు మానేసిన ఏసీ, మూత లేని తూకం పెట్టె నాకు తోడు. ఇవేవీ మాట్లాడవు కనుక మీతో మాట్లాడుతున్నాను. ఇది మిమ్మల్ని సంతోషపెట్టే కథ కాదని ముందే చెబుతున్నాను. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

నన్ను ఒక వర్క్‌షాపులో టెఫ్లాన్ దిమ్మలోంచి తొలిచారు. పని అయ్యాక మేస్త్రీ నన్ను ఎత్తి పట్టుకుని, "ఇందులో ఏం వండుతారో?" అన్నాడు. పక్క మిషను మీద ఉన్నవాడు, "ఏమీ వండరంట. నీళ్లు పోసుకుని చూస్తా కూర్చుంటారంట" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నా జీవితం గురించి నేను విన్న మొదటి మాట అది. అందులో అబద్ధమేమీ లేదు.

మొదట నన్ను కొన్నది ఒక రంగుల ఫ్యాక్టరీ. గోడకు వేసిన రంగు పెచ్చులుగా ఎందుకు ఊడుతుందో తెలుసుకోవాలని అక్కడి కెమిస్టు నా నీళ్ల మీద రకరకాల పాలిమర్లు పరిచి చూసేవాడు. పాపం, జవాబు దొరికేలోపే ఫ్యాక్టరీ మూతపడింది. నన్ను ఇనుప సామానుతో కలిపి లారీలో ఎక్కించారు. దారిలో ఏదో బరువు మీద పడి, నా మూలన స్క్రూ బిగించే చోట పగులు పడింది. వెంట్రుక కన్నా సన్నం. నీళ్లు కారేంత లేదు, కంటికి ఆనేంత లేదు. ఆ పగులుతోనే ఉత్తరాంధ్రలోని ఈ సంస్థకు చేరాను.

నా పనేమిటో చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు. నాలో వడగట్టి వడగట్టి శుద్ధిచేసిన నీళ్లు పోస్తారు. దాని మీద ద్రావణం ఒక్క చుక్క వదులుతారు. ద్రావకం ఆవిరైపోతుంది, అందులోని అణువులు నీటి మీద పరుచుకుంటాయి. ఆ అణువులకు నీళ్లంటే ఇష్టపడే తల ఒకటి, నీళ్లంటే గిట్టని తోక ఒకటి. తల నీళ్లలో పెట్టి, తోక గాలిలోకి ఎత్తి నిలబడతాయి. అప్పుడు ఒక చివర నుంచి టెఫ్లాన్ పట్టె ఒకటి మెల్లగా జరుగుతూ వాటిని దగ్గరకు నెడుతుంది. అవి భుజం భుజం కలిపి, ఒక్క అణువు మందాన పొర కడతాయి. ఎవరూ అదిలించక్కర్లేదు, ఎవరూ వరస పెట్టక్కర్లేదు, వాటంతట అవే సర్దుకుంటాయి. మీ మనుషులు రైలెక్కే తీరు గురించి ప్రయోగశాలలో చెప్పుకోగా విన్నాక, అణువుల మీద నాకు గౌరవం పెరిగింది. నీళ్లలో వేలాడే చిన్న ప్లాటినం రేకు ఆ పొర బిగువును కొలుస్తుంది. కంప్యూటర్ తెర మీద ఒక గీత లేస్తుంది. పొర ఎంత బాగా నిలబడితే గీత అంత ఎత్తుకు పోతుంది.

ఇక్కడ నా యజమాని ప్రొఫెసర్ పొట్నూరి సన్యాసిరావు గారు. మంచివారు. ఈ మాట వెటకారంగా అనడం లేదు. శిష్యులకు జ్వరం వస్తే ఇంటి నుంచి చారన్నం పంపేవారు. శుభ్రత విషయంలో మాత్రం రాక్షసుడు. గ్లౌజులు లేకుండా నా గదిలోకి ఎవరు వచ్చినా కేకలు వేసేవారు. వేలిముద్ర ఒకటి పడితే చాలు, ఆ జిడ్డు నీళ్లంతా పాకి పొర పాడైపోతుంది. పౌడరు, సెంటు, తలనూనె అన్నీ నిషేధం.

బెవర నీలవేణి ఆయన దగ్గరకు పరిశోధనకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. సన్నటి పిల్ల, జడ మాత్రం నడుం దాటి ఉండేది. ఏం చేద్దామనుకుంటున్నావని సార్ అడిగితే, చదివిన పాఠం ఏదీ చెప్పలేదు.

"మా అక్కకి ఏడో నెల్లో పాప పుట్టింది సార్. ఊపిరి తీస్తుంటే రొమ్ము లోపలికి పోయేది. ఊపిరితిత్తుల్లో పొర ఇంకా తయారవలేదమ్మా, మందు పై ఆస్పత్రి నుంచి రావాల అన్నారు డాక్టరుగారు. మందొచ్చింది సార్, పాప లేదు."

సన్యాసిరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఊపిరితిత్తుల్లోని బుడగల లోపల సన్నటి నీటి పొర ఉంటుంది. ఆ నీరు బుడగను ముడుచుకుపొమ్మని లాగుతుంటుంది. నెలలు నిండిన బిడ్డల్లో ఆ నీటి మీద కొవ్వు, ప్రోటీన్ల పొర ఒకటి ఏర్పడి బుడగలు మూసుకుపోకుండా కాపాడుతుంది. నెలలు నిండనివాళ్లకు అదే ఉండదు. ఉన్న మందు పశువుల ఊపిరితిత్తుల నుంచి తీసేది, చల్లగా ఉంచి తేవాలి. నీలవేణి కోరిక ఒక్కటే. మారుమూల ఆస్పత్రి బీరువాలో మామూలుగా ఉంచుకోగల మందు కావాలి, దానికి చేత్తో కట్టిన చిన్న ప్రోటీన్ గొలుసు ఒకటి కావాలి, అది నా నీళ్ల మీద నిలబడాలి.

ఆ రోజు నుంచి ఆ పిల్ల తలకు నూనె రాయడం మానేసింది. జడను చుట్ట చుట్టి టోపీలో దాచేది. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసి, జుట్టు పీచులా అయిపోయిందని ఏడిస్తే, "తొట్టికి పడదమ్మా" అనేది. నాకోసం ఒక మనిషి ఏదైనా వదులుకోవడం అదే మొదలు. నాకు చెప్పలేనంత గర్వంగా ఉండేది.

ఎన్ని గొలుసులు కట్టిందో! కొన్ని నీళ్ల మీద ముద్దకట్టేవి, కొన్ని మునిగిపోయేవి, కొన్ని పట్టె తాకగానే చితికిపోయేవి. ఆఖరికి ఒకటి నిలబడింది. గీత లేస్తుంటే నీలవేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. పట్టెను వెనక్కి తీస్తే పొర పరుచుకుంది, ముందుకు నెడితే మళ్లీ లేచింది. పట్టె ఒకసారి పోయి రావడాన్ని వాళ్లు ఊపిరి అనేవాళ్లు. అయితే ఊపిరి ఊపిరికీ ఆ పొర కొంచెం కొంచెం అరిగేది. మందు కూడా కాస్త ఎక్కువే వేయాల్సి వచ్చేది.

"అరిగిపోతంది కదమ్మా," అన్నారు సన్యాసిరావు గారు, పెదవి విరిచి.

"నిజం పొర కూడా అరుగుద్ది కద సార్. కొన్నాళ్లు కాపాడితే చాలు. ఈలోగా బిడ్డ పొర బిడ్డకి వచ్చేస్తాది."

"నీకూ నాకూ చాలు. సైన్సు పత్రిక వాళ్లకి చాలదు. అరగనిది తే, అప్పుడు చూద్దాం."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఆమె చెప్పిందే నిజం. కానీ నిజానికి మెరుపు తక్కువ, మనుషులకు మెరుపు లేనిదే కంటికి ఆనదు.

ఆ ఏడు దసరాకి ప్రయోగశాలలో ఆయుధ పూజ చేశారు. ఏటా చేసేదే. తూకాలకు, సెంట్రిఫ్యూజ్‌కు, కంప్యూటర్లకు బొట్లు పెట్టి బంతిపూల దండలు వేసేవాళ్లు. నాకు మాత్రం నా మీద కప్పే గాజు పెట్టెకే బొట్టు పెట్టేవాళ్లు. అది సార్ పెట్టిన నియమమే. ఆ రోజు ఆయన ఆంజనేయస్వామి గుడి నుంచి సింధూరం తెచ్చారు, నువ్వులనూనెలో కలిపిన నారింజరంగు సింధూరం. గ్లౌజు తీసేసి, ఉంగరపు వేలు ముంచి, గాజు పెట్టె తలుపు తెరిచారు.

"సార్, వొద్దు సార్! తొట్టి మీద వొద్దు. మూతకి పెట్టండి," అంది నీలవేణి కంగారుగా.

"మూతేం చేసిందమ్మా మనకి? నీళ్లు మోసింది తొట్టి. ఈ ఏడైనా స్వామి దయ దీని మీద ఉండనీ. ఒక్క బొట్టుకి ఏటవుద్ది? రేపు నా చేత్తో నేనే తుడుస్తాను."

నా మూలన, స్క్రూ తల పక్కన, బొట్టు పెట్టారు. ఆ పిల్ల కోసమే పెట్టారు, అది నేను కాదనను. మర్నాడు మాట ప్రకారం క్లోరోఫాం ముంచిన దూదితో ఆయనే తుడిచారు. పైనున్నది పోయింది. కానీ రాత్రికి రాత్రి నూనె స్క్రూ కిందికి దిగి పగుల్లో చేరింది. దాన్ని ఏ దూదీ అందుకోలేదు.

పని మొదలుపెట్టే ముందు ఖాళీ నీళ్ల పరీక్ష ఒకటి ఉంటుంది. ఏ మందూ వేయకుండా పట్టె నెట్టి చూస్తారు. గీత కదలకపోతే తొట్టి శుభ్రం. నీలవేణి ఆ పరీక్ష ఒక్కరోజు కూడా మానలేదు. కానీ అది చల్లని నీళ్లతో చేసేవాళ్లు. అసలు ప్రయోగం మాత్రం ఒంటి వేడి దాకా వెచ్చబెట్టిన నీళ్లతో. వెచ్చబెట్టడానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా నీళ్లు ఆవిరై తగ్గిపోతాయి. అందుకని చల్లగా ఉన్నప్పుడు శుభ్రంగా ఉన్నది వెచ్చగా ఉన్నప్పుడు మురికి ఎందుకవుతుందని ఊరుకునేవాళ్లు. అన్ని తొట్ల దగ్గరా అందరూ అలాగే ఊరుకుంటారు. పగులు లేని తొట్టికి అది సరిపోతుంది కూడా.

నీళ్లు వెచ్చబడితే నా ఒళ్లు వ్యాకోచిస్తుంది. పగులు నోరు తెరుస్తుంది. కంటికి కనబడనంత నూనె నీటి మీదకి పాకుతుంది. పొరలోంచి అరిగిపోయిన అణువుల చోటును నూనె వచ్చి పూడుస్తుంది. ఇంకో ఊపిరికి ఇంకాస్త వస్తుంది. దసరా తర్వాత మొదటి ప్రయోగంలోనే పొర అరగడం ఆగిపోయింది. మందు పదో వంతు వేసినా గీత లేచింది.

"సార్! అరగట్లేదు సార్! చూడండి, అరగట్లేదు!" అని నీలవేణి వరండా దాకా పరుగెత్తింది.

ఆ రోజు అందరికీ మడత కాజాలు పంచారు. స్వామి దయ అన్నారు సార్. అంతకు ముందు తీసిన గీతలన్నీ, అంటే అరిగే నిజం పొర గీతలన్నీ, చెయ్యి తిరగని రోజులవని పక్కన పడేశారు. అరగని గీతలతో పెద్ద పత్రికలో వ్యాసం వచ్చింది. సన్యాసిరావు గారికి శాలువాలు కప్పారు. నీలవేణి వాళ్ల అక్క ఒకసారి వచ్చి గాజు పెట్టెలోంచి నన్ను చూసి, దణ్ణం పెట్టి వెళ్లింది. ఆమె దణ్ణం పెడుతుంటే నేను పడ్డ నరకం ఎవరికి చెప్పను? నాకు నోరుంటే ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. నీళ్లు వెచ్చబెట్టి, మందు వేయకుండా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పట్టె నెట్టి చూడండర్రా అని.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించే ఉంటారు. వేరే రాష్ట్రంలో ఒక ప్రయోగశాల వాళ్లు అదే గొలుసు కట్టి, అంతే కొద్దిగా వేసి చూస్తే పొర నిలబడలేదు. ఇంకొకళ్లు చేశారు, నిలబడలేదు. ఉత్తరాలు వచ్చాయి. విచారణ కమిటీ వచ్చింది. మొదట చేసిన పని, ప్రయోగశాల తాళం నీలవేణి దగ్గర నుంచి తీసేసుకోవడం. నన్ను ముట్టుకోనివ్వలేదు. ముట్టుకోనిస్తే ఆ పిల్ల వారంలో కారణం పట్టుకునేది.

కమిటీ సమావేశం నా గదిలోనే పెట్టారు. అందులో ఒకాయన గీతలు చూసి, ఇంత చక్కగా ఏ పొరా ప్రవర్తించదని, ఇవి కూర్చుని గీసినవేనని తేల్చాడు. "గియ్యలేదు సార్. నా కళ్లతో చూశాను," అంది నీలవేణి. ఎన్నిసార్లు అడిగినా అదే అంది. బయటికి వచ్చాక వరండాలో సన్యాసిరావు గారిని పట్టుకుంది. తలుపు తెరిచి ఉంది కనుక నాకు వినబడింది.

"సార్, దసరాకి ముందు అరిగేది, తర్వాతే అరగలేదు. ఆ బొట్టు..."

"నేను తుడవలేదేటి? రోజూ ఖాళీ నీళ్లు చూసిందెవరు? నువ్వు కాదా? గీత కదలలేదని నువ్వే కదా చెప్పావు?"

నిజంగానే గీత కదలలేదు మరి. మర్నాడు కమిటీ ముందు సన్యాసిరావు గారు, "పిల్ల కష్టపడేదే. కాకపోతే పేరు కోసం తొందరెక్కువ. నేను నమ్మేశాను," అన్నారు. ఆ మాటతో ఆయన బయటపడ్డారు. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. నీలవేణి పరిశోధన రద్దయింది. దొంగ గీతలు గీసిన పిల్లగా పేరు మోసుకుని, పీచులాంటి జడతో ఇంటికి వెళ్లిపోయింది. అరగని అబద్ధంతో పాటు అరిగే నిజం కూడా చెత్తబుట్టలో పడింది. ఆ గొలుసు పేరెత్తితే ఇక ఏ ప్రయోగశాలా నవ్వకుండా ఉండదు. నెలలు నిండని బిడ్డలు మాత్రం ఎప్పట్లాగే పుడుతున్నారు, మందు ఎప్పట్లాగే ఆలస్యంగా వస్తోంది.

నన్ను ఈ తుక్కు గదిలో వేయడానికి ముందురోజు సంగతి చెప్పి ఆపేస్తాను.

అది వానాకాలం, ఆదివారం మధ్యాహ్నం. సంస్థలో ఎవరూ లేరు. సన్యాసిరావు గారు ఒక్కరే వచ్చారు. మనిషి బాగా చిక్కిపోయారు. గ్లౌజులు తొడుక్కుని నాలో నీళ్లు పోశారు. వెచ్చబెట్టారు. ఏ మందూ వేయలేదు. చేతులు కట్టుకుని నిలబడి పట్టెను కదిలించారు. ఖాళీ నీళ్ల మీద గీత లేచింది. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. ఎన్నాళ్ల నుంచి అనుమానిస్తున్నారో నాకు తెలియదు.

స్క్రూ విప్పారు. సూది మొనకు దూది చుట్టి, వేడికి తెరుచుకున్న పగులు మీద అద్దారు. దూది నారింజరంగు అయింది. తర్వాత పగులంతా క్లోరోఫాంతో మళ్లీ మళ్లీ కడిగారు. ఈసారి వెచ్చటి ఖాళీ నీళ్ల మీద గీత కదలలేదు. లారీ దెబ్బ తిన్నాక అంత శుభ్రంగా నేనెప్పుడూ లేను.

అప్పుడు ఫ్రిజ్ తెరిచి అడుగు అర నుంచి చిన్న సీసా తీశారు. నీలవేణి చేతిరాతతో చీటీ అంటించి ఉంది. ఆమె కట్టిన గొలుసులో మిగిలింది ఆ కాస్తే. మొదట్లో ఆమె వేసినంత కొలిచి, మొత్తం నా నీళ్ల మీద వేశారు. పట్టె కదిలింది. గీత లేచింది. వెనక్కి పోయింది, మళ్లీ లేచింది. కొంచెం కొంచెం అరుగుతూ, అయినా పడిపోకుండా, ఊపిరి మీద ఊపిరి తీస్తూ పోయింది. పొర మొదటిసారి నిలబడ్డ రోజున ఆ పిల్ల చెప్పినట్టే. ఒక బిడ్డని కొన్నాళ్లు కాపాడడానికి అది చాలు.

సన్యాసిరావు గారు స్టూలు మీద కూలబడ్డారు. గ్లౌజు వేలితోనే ఫోను నొక్కి బల్ల మీద పెట్టారు. స్పీకరులోంచి నీలవేణి గొంతు వినబడింది.

"సార్? మీరేనా సార్?"

"ఆ, నేనేనమ్మా. బాగున్నావా?"

"బాగున్నాను సార్. ఇక్కడ ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తన్నాను."

ఆయన నోరు తెరిచారు. చెప్పండి, చెప్పండి అని నా ఒళ్లంతా అరిచింది.

"సార్, ఒక్కటి అడగొచ్చా? ఆ సీసా ఫ్రిజ్‌లో ఉండిపోయింది కద. మళ్లీ ఎవరైనా వేసి చూశారా సార్? నిలబడిందా?"

సన్యాసిరావు గారు తెర వైపు చూశారు. గీత అప్పుడే మళ్లీ పైకి లేస్తోంది.

"లేదమ్మా. ఎవరూ చూడలేదు."

"పోన్లెండి సార్. నిలబడదని ఇప్పుడు నాకూ అర్థమైంది. అప్పుడు నా కళ్లకి ఏటి కనబడిందో మరి. నా వల్ల మీకు మాటొచ్చింది, మనసులో ఏటీ పెట్టుకోకండి సార్."

"ఛ ఛ, అదేం లేదమ్మా. ఊరికే చేశాను. ఉంటాను."

ఫోను ఆగిపోయింది. ఆయన పట్టెను ఆపారు. నన్ను రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తి, నీళ్ల మీద పొర ఇంకా నిలబడి ఉండగానే, సింకులోకి వంచారు.